లోయాంగ్‌లోని శ్వేతాశ్వ ఆలయంలో తప్పక చూడవలసినవి ఏమిటి?

చైనాలోని లోయాంగ్ నగరానికి తూర్పున ఉన్న ఈ ఆలయం క్రీ.శ. 68లో వెలసిందని సంప్రదాయం చెబుతుంది. ఇప్పుడున్న కట్టడాలు మాత్రం చాలావరకు మింగ్, చింగ్ వంశాల కాలానివి. తెల్లగుర్రంపై బౌద్ధ గ్రంథాలు తెచ్చారని చెప్పే కాశ్యప మాతంగ, ధర్మరత్న అనే భారతీయ భిక్షువుల సమాధులను మొదట దర్శించండి. ముఖద్వారం దాటాక తూర్పున ఒకటి, పడమట ఒకటి, చుట్టూ రాతికట్టుతో, పైన పచ్చిక పెరిగిన గుండ్రని మట్టిదిబ్బల్లా ఉండే వాటిని చాలామంది గమనించకుండానే ముందుకు సాగిపోవడం నిజంగా బాధాకరం. తర్వాత 1175లో పునర్నిర్మించిన పదమూడు అంతస్తుల ఛీయున్ ఇటుక గోపురాన్ని, సాంచీ స్తూపం నమూనాలో భారతదేశం నిర్మించగా 2010లో నాటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ప్రారంభించిన మందిరాన్ని చూడవచ్చు.