దీపాలదిన్నె దగ్గర పిల్లలకి ఏం చూపించాలి?

ప్రశ్న: కిందటేడు ఏడో తరగతి పిల్లల్ని అమరావతి స్తూపం చూపించడానికి తీసుకెళ్లాం. దిబ్బ చూసి "ఇంతేనా టీచర్?" అన్నారు. పావుగంటలో అందరూ ఐస్ బండి దగ్గరున్నారు. ఈసారి 42 మంది వస్తున్నారు. ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయిని, గుంటూరు

జవాబు: అందులో పిల్లల తప్పేమీ లేదు. పుస్తకంలో చూసిన అండం, అంటే స్తూపం గుండ్రటి గుమ్మటం, అక్కడ లేదు. 1797 ప్రాంతంలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు దీపాలదిన్నె అని పిలిచే ఈ స్తూపం దిబ్బ ఇటుకలు, రాళ్లు ఆ కట్టుబడికి పోయాయి. తర్వాత బయటపడ్డ శిల్పాల్లో మేలైనవి చాలావరకు చెన్నై, లండన్ మ్యూజియాలకు చేరాయి. మిగిలింది ఎత్తు లేని ఇటుకల వలయం. అందుకే ఆ స్తూపం ఎంత పెద్దదో పిల్లలకి ముందే, బడిలోనే తెలియాలి.

అండం వ్యాసం సుమారు 50 మీటర్లు. గ్రౌండులో మేకు పాతి, 25 మీటర్ల తాడుతో సున్నం గీత గీయించండి. అంత చోటు లేకపోతే మేకుని ఒక మూలన పాతి పావు వలయం గీస్తే చాలు. అది 39 మీటర్లు వస్తుంది. చేతులు చాచి పట్టుకుంటే ముప్పై మంది దాకా నిలబడతారు. మొత్తం చుట్టుకొలత 157 మీటర్లు. అంటే మీ 42 మందీ నిలబడినా మూడో వంతుకి కాస్త పైన మాత్రమే నిండుతుంది. ఈ లెక్క పిల్లల చేతనే చేయించండి. కొబ్బరి తాడు వద్దు, లాగేకొద్దీ సాగుతుంది. నైలాన్ తాడూ సాగుతుంది. అంతగా సాగని తాడు చూసి తీసుకోండి. మేకుకి గట్టి ముడి వేస్తే తాడు దాని చుట్టూ చుట్టుకుని గీత లోపలికి జరిగిపోతుంది. వదులుగా తిరిగే ఇనుప రింగుకి కట్టండి.

అమరావతి శిల్పులు స్తూపం బొమ్మనే రాతి పలకల మీద చెక్కారు. అలాంటి పలక ఫొటో ఒకటి ఏ3 సైజులో ప్రింటు తీయించి, ఏడుగురికి ఒకటి చొప్పున ఇవ్వండి. లామినేషన్ చేయిస్తే ఎండకి మెరిసి ఏమీ కనిపించదు. అట్టకి అంటిస్తే సరిపోతుంది.

దిబ్బ దగ్గర నాలుగు దిక్కులా ముందుకి పొడుచుకొచ్చిన వేదికలు ఇప్పటికీ గుర్తుపట్టవచ్చు. ఒక్కో వేదిక మీద ఐదేసి ఆయక స్తంభాలు ఉండేవి. బుద్ధుడి జననం, మహాభినిష్క్రమణం, జ్ఞానోదయం, తొలి ఉపదేశం, పరినిర్వాణం, వీటికి అవి గుర్తులు. దిక్కులు పిల్లలనే కనిపెట్టనివ్వండి. ఇటుకలు ఎక్కకుండా ఒక్కో వేదిక ఎదుట ఐదుగుర్ని నిలబెట్టండి. ఇరవై మంది స్తంభాలవుతారు, మిగతా ఇరవై ఇద్దరూ స్తూపం కుడి చేతి వైపు ఉండేలా ప్రదక్షిణ చేస్తారు. ప్రతి వేదిక దగ్గరా అక్కడి పిల్లలు తమ ఘట్టం పేరు చెప్పాలి. తర్వాత జట్లు మారాలి. ఫొటోలో వేదిక ఎక్కడుందో, తాము ఎక్కడ నిలబడ్డారో అప్పుడు వాళ్లకే తెలుస్తుంది. మనం మైకు పట్టుకుని అరగంట చెప్పినా ఇది రాదు.

మ్యూజియం ఆ తర్వాత చూపించండి. అక్కడి రాయిని చాలామంది చలువరాయి అంటారు. నిజానికది పల్నాటి సున్నపురాయి. పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి. పదిహేనేళ్ల లోపు పిల్లలకి ప్రవేశ రుసుము లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లి, పొద్దున తొమ్మిదికల్లా దిబ్బ దగ్గరుండండి. మధ్యాహ్నానికి పెరుగన్నం పులుస్తుంది, పులిహోర కట్టించండి. కృష్ణ ఒడ్డుకి మాత్రం దింపకండి. అంతమందిని రేవులో కాచుకోవడం ఇద్దరు ముగ్గురు టీచర్ల వల్ల అయ్యే పని కాదు.

ప్రశ్న: మా దగ్గర ఒక్క పూటే ఉంది. నాలుగో తరగతి పిల్లలకి ఉండవల్లి గుహలు అర్థమవుతాయా?
– ఒక ఉపాధ్యాయుడు, విజయవాడ

జవాబు: బాగా అర్థమవుతాయి. అందరూ పడుకున్న అనంతపద్మనాభస్వామి దగ్గరికి గబగబా ఎక్కేస్తారు. మీరు కింది అంతస్తులో అరగంట ఆగండి. అక్కడ పని సగంలో ఆగిపోయింది కాబట్టి, గుహ ఎలా తొలిచారో కనిపించేది అక్కడే. టార్చిని గోడకి ఎదురుగా పడితే రాయి చదునుగా కనిపిస్తుంది. గోడ పక్క నుంచి వాలుగా వేస్తే ఉలి గాట్లు ఒక్కొక్కటీ నీడతో లేస్తాయి. గాట్లు ఏ వైపు నుంచి పడ్డాయో పిల్లల్ని చెప్పమనండి. ఆ తర్వాత పైకి వెళ్తే, ఐదు మీటర్లకు పైబడిన ఆ విగ్రహం వెనక ఎంత చాకిరీ ఉందో వాళ్లకే తోస్తుంది. కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దడం, సుద్దతో గీయడం ఒప్పుకోకండి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

ప్రశ్న: తిరిగొచ్చాక వ్యాసం రాయించాలా?
– అదే ఉపాధ్యాయుడు

జవాబు: వద్దు, అందరూ ఒకటే రాస్తారు. ఒక్కొక్కరూ తమకి నచ్చిన ఒక్క రాయికి, మ్యూజియంలో ఉండేలాంటి చీటీ రాయాలి. అది ఏమిటి, ఎక్కడుంది, దేంతో చేశారు, ఎంత విరిగింది, ఈ నాలుగు సంగతులు నాలుగు వాక్యాల్లో. మర్నాడే రాయించండి. వారం దాటితే పులిహోర, బస్సులో పాటలే గుర్తుంటాయి.