పెట్టెలో పెట్టినంత మాత్రాన కిట్ కాదమ్మా

చిరంజీవి రమ్యకు పెదనాన్న ఆశీస్సులు.

ఫ్లోరైడ్ పరీక్ష కిట్‌కి పేటెంటు వేస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. గర్వంగా ఉంది. వచ్చే నెల నల్గొండ బడిలో అందరికీ చూపిస్తావని కూడా అన్నాడు. అప్పట్నుంచి మనసు కుదురుగా లేదు. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక పేటెంటు దరఖాస్తు) వెయ్యి, తర్వాత చూపించు. అది వేసిన 12 నెలల్లోపు కంప్లీట్ స్పెసిఫికేషన్ (పూర్తి వివరణ పత్రం) పడాలి. ఫారాలు, ఫీజులు నువ్వే చూసుకోగలవు. మనకి చెన్నై పేటెంటు ఆఫీసు.

నువ్వు పంపిన క్లెయిము, అంటే ఏది నీదని హక్కు అడుగుతున్నావో ఆ వాక్యం, చదివాను: ‘పొడి పొట్లం, రంగు ద్రావణం, డ్రాపరు, రంగుల కార్డు, వాడే విధానం తెలిపే కాగితం గల కిట్.’ ఇంత చదువుకుని అదే పాత పొరపాటా? ఫ్లోరైడ్ తగిలితే రంగు తగ్గే జిర్కోనియం ద్రావణం ఎప్పట్నుంచో ఉన్నదే. డ్రాపరు సంగతి చెప్పక్కర్లేదు. నీ కొత్తదనమంతా ‘ముందు పొడి, ఆ తర్వాతే ద్రావణం’ అన్న ఒక్క ముక్కలో, అదీ కాగితం మీద కూర్చుంది. పాత కిట్‌లో కొత్త సూచనల కాగితం పెడితే కొత్త కిట్ అయిపోదని అమెరికాలో 2004లోనే ఎన్గాయ్ కేసులో తేల్చారు. మన దగ్గరైతే పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3(ఎఫ్) చూపిస్తారు: తెలిసిన వస్తువులు, దేని పని అది చేసుకుంటున్నాయి, పక్కపక్కన పేర్చారంతే అని. సీసాలు వేరువేరుగా ఉన్నా ఊరికే కలిపిన మిశ్రమాలకి పేటెంటు లేదనే 3(ఈ) కూడా తగిలిస్తారు.

యూరప్ పేటెంటు ఆఫీసు అప్పీలు తీర్పు టి 9/81 ఉంది కదా అంటావేమో. అందులో ఒకటి క్యాన్సర్ మందు, రెండోది దాని దెబ్బ మూత్రాశయానికి తగలకుండా కాపాడే మెస్నా. కలిపి వాడే ప్రయోజనం కొత్తది కాబట్టి, విడివిడిగా ఉన్నా ఒకే ఉత్పత్తిగా ఒప్పుకున్నారు. ఆ వెసులుబాటు వైద్యానికే. నీ నీళ్ల కిట్‌కి అక్కరకు రాదు.

కాబట్టి కొత్తదనం కిట్‌లోని పొడి, ద్రావణాల్లోనే కనపడాలి. 10 మి.లీ. నీటికి పొట్లంలో పొడి ఎన్ని మి.గ్రా. నుంచి ఎన్ని వరకు, ఆ పొడి నీటిలోని బైకార్బొనేట్ క్షారాన్ని సరిచేశాక మిగిలే ఆమ్లానికి తగ్గట్టు ద్రావణంలో ఆమ్లం ఎంత తగ్గించావు, ఈ రెండు లెక్కలూ క్లెయిములో ఒకదానితో ఒకటి ముడిపడాలి. రెండూ ఒకే సీసాలో ఎందుకు నిలవవో వివరణలో రాయి. పొడి ముందా ద్రావణం ముందా అన్నది పరీక్ష పద్ధతికి వేరే క్లెయిము వేసి అందులో పెట్టు. అక్కడ వరసకి విలువ ఉంది.

రీడింగులు కావాలి. పొడి లేకుండా, పొడితో, వరస తిప్పి, లీటరుకి 0.5, 1, 1.5, 2 మి.గ్రా. ఫ్లోరైడ్ దగ్గర మూడేసిసార్లు. ఆల్కలైనిటీ (క్షారగుణం) ఎక్కువున్న బోరు నీళ్లతోనూ చెయ్యి. ఇవన్నీ దాఖలు చేసే రోజుకే స్పెసిఫికేషన్‌లో ఉండాలి. పేటెంటు ఆఫీసు అభ్యంతరాలు చెప్పే ఎగ్జామినేషన్ రిపోర్టు వచ్చాక జవాబుకి 6 నెలలు ఇస్తారు గానీ, మొదట రాయని అంకెని అప్పుడు క్లెయిములోకి దూర్చడానికి సెక్షన్ 59 ఒప్పుకోదు. నా భయమంతా ఇక్కడే. మంచి పని చేతిలో ఉండి, అంకె నోట్‌బుక్కులో ఉండిపోతుంది.

కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు. ఆదివారంలోగా రీడింగులు పంపు, క్లెయిము ఇద్దరం కూర్చుని రాద్దాం. ద్రావణంలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంది, బడి పిల్లల చేతికి సీసా ఇవ్వకు.

పెదనాన్న