అధ్యక్షుడి గోడు ఎవరు వినాలి?

ప్రశ్న: హనుమకొండ జిల్లాలో ఒక చిన్న కోర్టులో బార్ అసోసియేషన్ అధ్యక్షుడిని. వయసు 47. గెలిచినప్పటి నుంచి పొద్దున లేస్తే ఫోన్లే. ఒక జూనియర్ యాక్సిడెంట్‌లో పోతే ఆ కుటుంబానికి రావాల్సిన సంక్షేమ నిధి కాగితాల కోసం నేనే తిరుగుతున్నా. కోర్టు బాయికాట్ చేయాలని సగం మంది, వద్దని సగం మంది. రెండు వర్గాలూ నన్నే తిడుతున్నాయి. నా పేషీలకు జూనియరే పోతున్నాడు. ఇద్దరు పాత క్లయింట్లు ఫైళ్లు తీసుకుపోయారు. బతుకమ్మకు భార్యను తల్లిగారింటికి కూడా తీసుకుపోలేదు, ఆమె మాటలు తగ్గించింది. రెండు పెగ్గులు పడితే గానీ నిద్ర రాదు. డాక్టర్ దగ్గరికి పోతే అదాలత్ దాకా తెలిసిపోతుందని భయం.

జవాబు: సార్, ముందు ఆ పెగ్గుల సంగతి చూద్దాం. ఈ లెక్క చాలామంది ఒకటి తగ్గించే చెబుతారు. మందుతో నిద్ర తొందరగా వస్తుంది, కానీ సగం రాత్రికే మెలకువ తెస్తుంది. తెల్లారి చిరాకు, దాని మీద మళ్లీ ఫోన్లు. పొద్దున చేతులు వణుకుతుంటే మాత్రం సొంతంగా ఒక్కసారిగా మానేయకండి, డాక్టర్ చెప్పినట్టే తగ్గించాలి. వరంగల్ ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడ తెలిసినవాళ్లు కనిపిస్తారనుకుంటే కరీంనగర్ వెళ్లండి, తప్పేం లేదు. అదీ కుదరకపోతే ఈ రాత్రే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. రోగి వివరాలు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం 23వ సెక్షన్ చెబుతుంది. వకీలు సాబ్‌కు సెక్షన్లు నేను చెప్పడమేమిటి గానీ, భయం వేసినప్పుడు మనకు తెలిసిందే మనకు గుర్తురాదు.

ఇక పదవి. అసోసియేషన్ పని మొత్తం మీ ఒక్కరి సెల్‌ఫోన్‌లోకి వచ్చి కూర్చుంది. నాకు కనిపించిన అసలు చిక్కు ఇదే. ఆ జూనియర్ కుటుంబం విషయం కార్యదర్శికి, ఇంకో సభ్యుడికి రాతపూర్వకంగా అప్పగించండి. బార్ కౌన్సిల్‌కు వెళ్లాల్సిన దరఖాస్తు వాళ్లు చూసుకుంటారు. పనిలో పనిగా ఒక రిజిస్టర్ పెట్టించండి: నిధిలో ఎవరు చేరారు, ఎవరు చేరలేదు, నామినీ ఎవరు. పెళ్లయినా నామినీగా తండ్రి పేరే ఉంచేసినవాళ్లు మీ బార్‌లోనూ ఉండే ఉంటారు. రేపు ఇంకో ఇంట్లో అలాంటి కష్టం వస్తే మీరు పరుగెత్తే పని సగం తగ్గుతుంది.

బాయికాట్ గొడవలో మీరు తీర్పరి కావద్దు. వకీళ్లకు సమ్మె హక్కు లేదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. 2023లో వకీళ్ల ఫిర్యాదులు వినడానికి కమిటీలు వేయాలని హైకోర్టులను ఆదేశించింది, జిల్లాల్లోనూ ఆలోచించమంది. అసలు ఫిర్యాదేమిటో కాగితం మీద పెట్టించి, జనరల్ బాడీలో చదివి, ఆ కమిటీకి పంపండి. తిట్టేవాళ్లు అప్పుడూ తిడతారు, కానీ అది తీర్మానాన్ని తిట్టడం అవుతుంది.

రాత్రి ఎనిమిది తర్వాత బార్ ఫోన్లు ఉపాధ్యక్షుడికి మళ్లించండి. ముఖ్యమైన పేషీలకు మాత్రం మీరే నిలబడండి, ఇల్లు గడవాలి కదా.

మీ ఆవిడకు పెగ్గుల సంగతి తెలియకుండా ఉండదు. ఆమె మౌనం కోపమే అని మీరు అనుకుంటున్నారు, భయం కూడా కావచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్తున్నానని ముందు ఆమెకే చెప్పండి, వీలైతే వెంట రమ్మనండి. వచ్చే ఆదివారం తల్లిగారింటికి తీసుకెళ్లండి. పండుగ దాటిపోయిందని దెప్పుతారు, దెప్పనివ్వండి. ఆ పూట ఫోన్ మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్లండి.