నాలుగు వందల డాలర్ల కిట్‌లో టొమహాక్‌కి ఎంత?

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. 2021 ఫిబ్రవరి చలిలో కరెంటు లేక పడ్డ అవస్థ ఇంకా మర్చిపోలేదు. ఈసారి ముందే సిద్ధంగా ఉండాలని ఎమర్జెన్సీ కిట్ కోసం 400 డాలర్లు పక్కన పెట్టాను. అందులో ఒక టాక్టికల్ టొమహాక్, అంటే సైనికులు వాడే తరహా తేలికపాటి చేతి గొడ్డలి, కూడా కొనాలని ఉంది. గాలివానకి కొమ్మలు విరిగిపడితే నరకడానికి, క్యాంపింగ్‌కి, కారులో ఇరుక్కుంటే అద్దం పగలగొట్టడానికి పనికొస్తుందని. 35 డాలర్లవీ ఉన్నాయి, 280 డాలర్లదీ ఉంది. పెద్దదాన్ని నాలుగు వాయిదాల్లో తీసుకోవచ్చట. ఇదే మొదటిసారి కొనడం. ఏది తీసుకోమంటారు?

జవాబు: 280 డాలర్లది వద్దు. వాయిదాల్లో అసలే వద్దు. టొమహాక్‌కి 45 డాలర్లు చాలు, అదీ కిట్‌లో ముఖ్యమైనవన్నీ చేరాకే. ఆ చలికి టెక్సాస్‌లో 246 మంది చనిపోయారని రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క తేల్చింది. చాలామందిని తీసుకుపోయింది చలి. ఇంట్లో బొగ్గుల కుంపటో, గ్యారేజీలో జనరేటరో పెట్టుకుని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుతో పోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఎవరికీ గొడ్డలి లేకపోవడం వల్ల ప్రాణం పోలేదు. అందుకే మొదటి డబ్బు ఎటు వెళ్లాలో ముందు చూద్దాం.

మనిషికి రోజుకి ఒక గ్యాలన్ నీళ్లు లెక్క. నలుగురికి మూడు రోజులకు 12 గ్యాలన్లు. ఏడు గ్యాలన్ల డబ్బాలు రెండు 40 డాలర్లకి వస్తాయి. కార్బన్ మోనాక్సైడ్ అలారాలు రెండు, పైన ఒకటి కింద ఒకటి, 55. వెదర్ రేడియో 35. టార్చిలు, బ్యాటరీలు 40. ఫస్ట్ ఎయిడ్ పెట్టె 30. వండకుండా తినగలిగే సరుకులు 60. మొత్తం 260. మీ చేతిలో ఇంకా 140 ఉంది.

ఇక టొమహాక్. దుకాణంలో రాసిన ధర ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. 45 డాలర్ల గొడ్డలికి ఒర సాధారణంగా విడిగా కొనాలి, 15. ఆకురాయి 10. తుప్పు పట్టకుండా రాసే నూనె 5. తోలు గ్లవుజులు, కళ్లజోడు కలిపి 20. అంటే అసలు ఖర్చు 95. మిగిలిన 45లో 25 పెట్టి మడత రంపం ఒకటి తీసుకోండి. విరిగిపడ్డ కొమ్మల పని నిజంగా చేసేది అదే. చేతి మణికట్టంత లావున్న కొమ్మని రంపంతో కోస్తే అలసట తక్కువ, తడి కొమ్మ మీద గొడ్డలి జారి మోకాటికి తగిలే భయమూ ఉండదు. టొమహాక్ తల పలచన, తేలిక. చిన్న కొమ్మలు నరకడానికీ, పుల్లలు చీల్చడానికీ, టెంటు మేకులు కొట్టడానికీ బాగుంటుంది. లావు దుంగలు చీల్చమంటే ఇరుక్కుపోతుంది.

టాక్టికల్ అని అమ్మేవాటిలో చాలావాటికి వెనక వైపు సూదిమొన ఉంటుంది. ఆ రూపం వియత్నాం యుద్ధకాలంలో పీటర్ లగానా అనే ఆయన అమెరికా సైనికులకు అమ్మిన గొడ్డళ్ల నుంచి వచ్చింది. సైనికుడికి అది అవసరం. మీకు కాదు. చెయ్యి ఎత్తినప్పుడు ఆ మొన మీ నుదుటి వైపే ఉంటుంది, పట్టు జారితే వెనక్కి తగిలేది అదే. వెనక సుత్తిలా చదునుగా ఉన్నదే తీసుకోండి.

కామ, అంటే గొడ్డలి కర్ర గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, డబ్బు వృథా అయ్యేది అక్కడే. చవక రకాల్లో తలని ప్లాస్టిక్ పిడికి రెండు బోల్టులతో బిగిస్తారు. నలభై యాభై దెబ్బలకే బోల్టులు వదులవడం మొదలవుతుంది, ప్రతిసారీ వాడేముందు కీతో బిగించుకోవాలి. పిడి చీలితే దాని బదులు ఇంకో పిడి దొరకడం కష్టం, మొత్తం పారెయ్యాల్సిందే. ఇంకో రకం, తలా కామా కలిపి ఒకే ఉక్కు ముక్కని కాల్చి కొట్టినవి. ఇలినాయ్‌లోని రాక్‌ఫర్డ్‌లో ఎస్ట్‌వింగ్ చేసే చేతి గొడ్డలి ఈ జాతిది, ఊడటమన్నది ఉండదు. కానీ కామ 14 అంగుళాలే ఉండే రకంతో నిలబడి నరకకూడదు. గురి తప్పితే దెబ్బ నేరుగా పిక్క ఎముకకి వస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని, కర్రని దుంగ మీద పెట్టి కొట్టాలి.

మొదటి కొనుగోలుకి మేం చెప్పేది మూడో రకం. సుత్తి వెనకతో, 22 అంగుళాల హికరీ కామతో వచ్చే కోల్డ్ స్టీల్ ట్రైల్ హాక్ లాంటిది. తల 1055 కార్బన్ ఉక్కు. ఆకురాయికి లొంగుతుంది, అంటే పదును ఇంట్లోనే పెట్టుకోవచ్చు. తడిగా వదిలేస్తే మాత్రం ఒక్క రాత్రికే తుప్పు. కామ విరిగితే కొత్తది 10, 15 డాలర్లు. 280 డాలర్ల దానికి ఈ సౌకర్యం లేదు.

ఇది పెట్టెలోంచి తీయగానే వాడే వస్తువు కాదు. తల కామ కింది నుంచి ఎక్కి పైన లావు దగ్గర బిగుసుకుంటుంది, పలుగుపార కామలాగే. పక్కన ఒక చిన్న మరమేకు ఉంటుంది. అది తీసేయండి. అది కర్రని నొక్కి అక్కడే పగులు తెస్తుంది. ఇప్పుడు తలని పైకి జరపండి. పూర్తిగా పైకి రాకపోతే బలవంతంగా కొట్టొద్దు. లోపలి ఇనుప అంచు కర్రని చెక్కేసి ఒక ముద్దలా పోగు చేస్తుంది, తల బిగిసినట్టే కనిపిస్తుంది గానీ ఆ ముద్ద మీదే ఆగి ఉంటుంది, నాలుగు దెబ్బలకి ఊడుతుంది. తలని దింపి చూస్తే కర్ర మీద నల్లటి గీతలు కనిపిస్తాయి. ఆ నల్ల చోటు మాత్రమే ఆకురాయితో కొంచెం అరగదీసి, మళ్లీ ఎక్కించి చూడండి. ఐదారుసార్లు ఇలా చేస్తే కామ పైకి కొద్దిగా పొడుచుకొచ్చేలా తల కూర్చుంటుంది. కన్నం లోపలి పదునైన అంచుని గుండ్రటి ఆకురాయితో ముందే చంపేస్తే పని సగమవుతుంది.

చాలావాటికి పదును ఉండదు. ఒక్కో వైపు 25 నుంచి 30 డిగ్రీలు చాలు. అంతకంటే పలచగా పెడితే ముడి ఉన్న కొమ్మ మీద అంచు మడత పడుతుంది. చివరగా కామకి బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ పేరుతో అమ్మే అవిసె నూనె పలచగా రాయండి. ఆ నూనె గుడ్డని ముద్ద చేసి చెత్తబుట్టలో వేస్తే దానంతటదే వేడెక్కి నిప్పు అంటుకోవచ్చు. బయట పరిచి ఆరబెట్టి అప్పుడు పారేయండి.

కారు అద్దం సంగతి. 22 అంగుళాల కామని కారులో ఊపే చోటే ఉండదు. 10, 15 డాలర్లకి స్ప్రింగుతో పనిచేసే చిన్న పరికరం దొరుకుతుంది, బెల్టు కోసే బ్లేడుతో సహా. దాన్ని డ్రైవరు చేతికి అందేలా పెట్టండి. కానీ ముందు మీ కారు పక్క అద్దాల మూల అచ్చుని చదవండి. టెంపర్డ్ అని ఉంటే అది పగులుతుంది. లామినేటెడ్ అని ఉంటే ఈ పరికరాలు పనిచేయవు, వెనక అద్దం ఏ రకమో చూసుకోవాలి.

టొమహాక్‌ని కారు డిక్కీలో వదిలేయకండి. టెక్సాస్ చట్టం దాన్ని ‘క్లబ్’ అనే ఆయుధాల నిర్వచనంలో పేరు పెట్టి రాసింది. 2019 సెప్టెంబర్ 1 నుంచి మామూలుగా దగ్గర ఉంచుకోవడం నేరం కాదు, కానీ స్కూళ్లు, కోర్టులు, పోలింగ్ కేంద్రాల్లోకి తీసుకెళ్తే నేరమే. పిల్లల్ని దింపడానికి వెళ్లే కారులో దాని అవసరం ఏముంది? మీరు వీసా మీద ఉంటే ఇంకా జాగ్రత్త, అరెస్టు అయ్యారా అన్న ప్రశ్న వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారంలోనే ఉంది. ఇండియాకీ తీసుకెళ్లొద్దు. అక్కడ ఆయుధాల నియమాల్లో యుద్ధ గొడ్డళ్ల పేరుంది, కస్టమ్స్‌లో వాదించుకోవాల్సి వస్తుంది. ఊళ్లో తోటపనికి కావాలంటే లారీ కమాను పట్టాతో కమ్మరి కొట్టిచ్చేదే మంచిది.

ఎప్పుడు కొనాలన్నది కూడా డబ్బు విషయమే. ఏటా ఏప్రిల్ చివర్లో శనివారం నుంచి సోమవారం దాకా టెక్సాస్‌లో ఎమర్జెన్సీ సామగ్రికి సేల్స్ ట్యాక్స్ ఉండదు. 75 డాలర్ల లోపు గొడ్డళ్లు, చేతి గొడ్డళ్లు, టార్చిలు, రేడియోలు, బ్యాటరీలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టెలు, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు, 3,000 లోపు జనరేటర్లు ఆ జాబితాలో ఉన్నాయి. టెంట్లు, క్యాంపింగ్ స్టవ్‌లు, చైన్ రంపాలు లేవు. టొమహాక్ అన్న మాట లేదు, కాబట్టి బిల్లులో వస్తువు పేరు గొడ్డలి అని వస్తుందో లేదో కొనేముందు అడగండి. ఆన్‌లైన్‌లో కొంటే డెలివరీ చార్జీ కూడా ధరలో కలుస్తుంది. 70 డాలర్ల వస్తువుకి 8 డాలర్ల చార్జీ పడితే 75 దాటినట్టే.

మీ లెక్క చూడండి. కారు అద్దం పరికరం కాకుండా పైన చెప్పినవన్నీ కలిపి 380. సరుకుల మీద పన్ను లేదు, మిగతా 320 మీద 8.25 శాతం అంటే 26 డాలర్లు, మొత్తం 406. బడ్జెట్ దాటింది. అదే ఆ మూడు రోజుల్లో కొంటే నీళ్ల డబ్బాలు, ఒర, ఆకురాయి, నూనె, గ్లవుజులు, రంపం మీద మాత్రమే పన్ను, సుమారు 9.50. దాదాపు 390తో అయిపోతుంది. టొమహాక్‌కి మినహాయింపు రాకపోయినా నాలుగు డాలర్లలోపే తేడా.

అలారాలకి మాత్రం ఏప్రిల్ దాకా ఆగకండి. ఆ రెంటి మీద పన్ను నాలుగున్నర డాలర్లు. ఈ వారమే కొని, ఒకటి పడకగదుల బయట, ఒకటి కింది అంతస్తులో బిగించి, బటన్ నొక్కి మోగుతోందో లేదో చూడండి.