బండి సందేహాలు: ట్రైక్ హ్యాండిల్ ఎక్కడుండాలి?

ప్రశ్న: పాతికేళ్ళు బైకు నడిపాను. మోకాలి ఆపరేషన్ తర్వాత కాలు కింద ఆన్చి బండిని ఆపుకోలేక, అదే బైకుకు వెనక రెండు చక్రాల కిట్ వేయించి ట్రైక్ చేయించుకున్నాను. గంట నడిపేసరికి భుజాల మధ్య మంట. కుడి చేతి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయి. బైకుగా ఉన్నప్పుడూ ఇదే హ్యాండిల్, అప్పుడు ఏ బాధా లేదు. హ్యాండిల్‌ కింద దిమ్మల్లా పెట్టే ఎత్తయిన రైజర్లు వేయించుకోమని స్నేహితులంటున్నారు. వేయించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. ఉన్న హ్యాండిల్‌నే ముందు కాస్త తిప్పి చూడండి. దానికి బోల్టుకు సరిపడే పానా, ఒక పాత దుప్పటి చాలు.

బైకుగా ఉన్నప్పుడు ఏ బాధా లేదన్నారు కదా, అసలు విషయం అక్కడే ఉంది. బైకును మీరు చేతులతో బలంగా తిప్పలేదు, వంచారు. కాస్త వేగంలో ఉంటే మలుపులో హ్యాండిల్ కదిలీ కదలనట్టే ఉంటుంది. ట్రైక్ వంగదు. ముందు చక్రం ఎటు తిరిగితే అటే పోతుంది. ఎడమకు వెళ్ళాలంటే ఎడమ చేత్తో లాగాలి, కుడి చేత్తో నెట్టాలి. అదే సమయంలో ఒళ్ళు మలుపుకు బయటి వైపు తూలుతుంది. తూలకుండా ఆపుకోవడానికి మనం పట్టుకునేదీ ఆ హ్యాండిల్‌నే. బండిని తిప్పేదీ, మనిషిని ఆపేదీ అవే రెండు చేతులు. అందులోనూ కుడి చెయ్యి యాక్సిలరేటర్ వదలకూడదు, దానికి సెలవే లేదు.

అందుకని ట్రైక్ మీద హ్యాండిల్‌ను నేరుగా పెట్టి కొలిస్తే సగమే కొలిచినట్టు. పూర్తిగా ఎడమకు తిప్పండి, కుడి గ్రిప్ ఎంత దూరం పోయిందో చూడండి. అప్పుడు కుడి మోచెయ్యి నిటారుగా సాగిపోయినా, వీపు సీటు నుంచి లేచినా హ్యాండిల్ మీకు దూరంగా ఉన్నట్టే. వీపు లేచిందో లేదో మనకు మనకే తెలియదు. నేను వీపుకూ బ్యాక్‌రెస్టుకూ మధ్య పాత పేపరు మడతపెట్టి పెట్టుకుని చూశాను. మూడో తిప్పుడుకే జారి సీటు మీద పడింది. అప్పటిదాకా నాకు అంతా బాగానే అందుతోందని మా ఆవిడతో వాదిస్తూనే ఉన్నాను.

ఇక తిప్పడం. ట్యాంకు మీద దుప్పటి పరవండి, హ్యాండిల్ బార్‌ను పట్టి ఉంచే క్లాంపు వదులవగానే హ్యాండిల్ బరువుగా వాలి పెయింటును గీకుతుంది. ఇప్పుడున్న చోట బార్ మీదా క్లాంపు మీదా కలిసేలా మార్కర్‌తో ఒక గీత పెట్టండి. బాగాలేకపోతే వెనక్కి రావడానికి దారి ఉండాలిగా. బోల్టులు పూర్తిగా ఊడదీయక్కర్లేదు, బార్ చేత్తో బలంగా తోస్తే కదిలేంత వదులు చాలు. రోజూ వేసుకునే జాకెట్, గ్లౌజులు వేసుకుని సీటులో వెనక్కి ఆనుకుని కూర్చోండి. కళ్ళు మూసుకుని చేతులు ముందుకు చాపి, అవి ఎక్కడ హాయిగా ఆగితే అక్కడ ఆపండి. పక్కన ఎవరైనా ఉంటే గ్రిప్పులు మీ అరచేతులకు ఎంత దూరంలో ఉన్నాయో చెబుతారు.

వెనక్కి వంపు తిరిగిన బార్‌ను మీ వైపు తిప్పితే గ్రిప్పులు దగ్గరికి వస్తాయి, దాంతోపాటు కిందికీ దిగుతాయి. ఈ దిగడమే చిక్కు. ఎక్కువ తిప్పితే దూరం తగ్గుతుంది గానీ మణికట్టు పక్కకు విరిగినట్టుంటుంది. గ్రిప్ దగ్గర వేలు మందం కదిలించి, బోల్టులు సరిగ్గా బిగించి, ఒక అరగంట నడిపి, మళ్ళీ వేలు మందం. ఒకే రోజు మూడు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. బార్ తిరిగితే దానితో బ్రేక్, క్లచ్ లివర్లు కూడా తిరుగుతాయి. వాటి క్లాంపులు కూడా వదులు చేసి సర్దండి. గ్రిప్ మీద చెయ్యి వేసి వేళ్ళు చాపితే మోచేతి నుంచి వేలి కొసల దాకా ఒకే గీతలా ఉండాలి, వేళ్ళు లివర్ మీద వాటంతటవే పడాలి. బ్రేక్ ఆయిల్ డబ్బా బార్ మీదే ఉంటుంది కాబట్టి అది మరీ ఒరగకుండా చూడండి. ఒరిగితే లెవల్ సరిగ్గా తెలియదు, ఆయిల్ తక్కువగా ఉంటే లైన్‌లోకి గాలి పోవచ్చు.

క్లాంపు బోల్టులు ముందువి ముందు బిగించాలా, నాలుగూ సమానంగానా అన్నది బండి బండికీ మారుతుంది. మాన్యువల్‌లో క్రమమూ, ఎంత బలంతో బిగించాలో చెప్పే టార్కూ రెండూ ఉంటాయి. గట్టిగా ఉంటే మంచిదని బలమంతా చూపిస్తే క్లాంపు పగులుతుంది.

రోడ్డెక్కే ముందు ఇంకో పరీక్ష, దీన్ని మాత్రం మానకండి. బండి న్యూట్రల్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి హ్యాండిల్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు నెమ్మదిగా తిప్పండి. ఇంజిన్ శబ్దం ఏమాత్రం పెరిగినా యాక్సిలరేటర్ వైరు లాగుతోందన్నమాట. నాకు ఇది అనుభవం. ట్రైక్ ఎక్కిన కొత్తలో నేనూ 50 మిల్లీమీటర్ల రైజర్లు వేయించుకున్నాను. నేరుగా వెళ్తుంటే స్వర్గం. యూ టర్న్‌లో ఎడమకు పూర్తిగా తిప్పగానే నేను ముట్టుకోకుండానే బండి గుర్రుమని ముందుకు దూకింది. ఖాళీ మైదానం కాబట్టి ఇప్పుడు చెప్పుకుంటున్నాను. రైజర్లు వేసినాయన వైర్లు చూడలేదు, నేనూ అడగలేదు. క్లచ్ వైరు, బ్రేక్ పైపు, స్విచ్చుల వైరింగ్ ఇవన్నీ రెండు కొసల దగ్గరా కాస్త వదులుగా ఉండాలి. లివర్‌కూ ట్యాంకుకూ మధ్య వేళ్ళు నలగకుండా చోటుండాలి.

ఇంత చేసినా అందకపోతే అప్పుడు రైజర్లు. అవి కూడా ఎత్తు మాత్రమే పెంచేవి కాకుండా వెనక్కి తెచ్చే పుల్‌బ్యాక్ రకం చూడండి, మీ బాధ దూరానిది, ఎత్తుది కాదు. బార్ వ్యాసం 22 మిల్లీమీటర్లా, 25.4 మిల్లీమీటర్లా కొలిచి మరీ తీసుకోండి. వైర్లు సరిపోకపోతే వాటినీ పొడవైనవి వేయించాల్సిందే. కొన్ని టూరింగ్ బళ్ళకు కుడీ ఎడమా వేర్వేరు బార్లుంటాయి, వాటిని తిప్పి సర్దే వీలుండదు. అలాంటప్పుడు, నిజానికి మీలాంటి వాళ్ళకు కూడా, మిమ్మల్ని ముందుకు జరిపే బ్యాక్‌రెస్టు తేలికైన మార్గం. ట్రైక్ మీద కాలు కింద పెట్టే పని లేదు కాబట్టి సీటును చేతుల కోసమే సర్దుకోవచ్చు.

తిమ్మిరి సంగతి. చిటికెన వేలికీ ఉంగరం వేలికీ వెళ్ళే నరం మోచేతి లోపలి వైపు నుంచి వచ్చి అరచేతి అంచు మీదుగా పోతుంది. గ్రిప్ మీద అరచేతి అంచు ఆనించి బరువు వేస్తే అది నొక్కుకుంటుంది. చెయ్యి దగ్గరికి వస్తే చాలావరకు తగ్గాలి. బండి దిగిన తర్వాత కూడా తిమ్మిరి ఉంటే డాక్టర్‌కు చూపించండి, దానికి నా దగ్గర పానా లేదు.

ఒక్కమాట అడగాలి: హ్యాండిల్ అసలే బరువుగా ఉందా? బైకు ఫోర్కును, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలను, అలాగే ఉంచి కిట్ వేస్తే బరువుగానే ఉంటుంది. స్టీరింగ్ ఇరుసు గీత నేలను తాకే చోటుకు ముందు టైరు ఎంత వెనక ఆనుతుందో ఆ దూరాన్ని ట్రెయిల్ అంటారు. బైకు స్థిరంగా ఉండటానికి పెట్టిన అంత ట్రెయిల్ ట్రైక్‌కు అక్కర్లేదు, అది చేతుల మీద పడుతుంది. ఫోర్కును బండికి పట్టి ఉంచే క్లాంపులను ట్రిపుల్ ట్రీ అంటారు. ఫోర్కు కోణాన్ని 4 నుంచి 6 డిగ్రీలు మార్చే ట్రిపుల్ ట్రీలు ట్రైక్‌ల కోసమే వస్తాయి. ఖర్చుతో కూడిన పనే, కానీ భుజాల మంటకు అసలు కారణం అదే అయితే ఎన్ని రైజర్లు వేసినా లాభం లేదు. ఎప్పుడైనా వెనక చక్రాలు తీసి మళ్ళీ బైకు చేస్తే మాత్రం ఆ ట్రీ కూడా తీసేయాలి, దాంతో రెండు చక్రాల మీద బండి నిలకడగా పోదు.

ప్రశ్న: నా ట్రైక్‌కు రైజర్లు వేశాక నెమ్మదిగా వెళ్తుంటే హ్యాండిల్ అటూ ఇటూ వణుకుతోంది. ఎత్తు వల్లేనా?

జవాబు: మొదట రైజర్ల అడుగు బోల్టులు చూడండి. చాలా బళ్ళలో వాటి కింద రబ్బరు బుష్‌లుంటాయి, అవి నలిగితే పైన ఎంత బిగించినా హ్యాండిల్ ఊగుతుంది. అవి బాగుంటే ముందు టైరు గాలి చూడండి. తర్వాత బండి ముందు భాగం ఎత్తి పెట్టించి, ఫోర్కును కింద పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగండి. టక్‌మంటే స్టీరింగ్ బేరింగ్ వదులైంది. అన్నీ సరిగా ఉన్నా వణుకుతుంటే ఆ ఊపును అణిచే స్టీరింగ్ డ్యాంపర్ వేయించుకోండి. చేతులు వదిలి మాత్రం పరీక్షించకండి.