లావోస్ దాకా పోయి వీసా తెచ్చుకోవాల్నా?

ప్రశ్న: నేను కాజీపేటలో రైల్వేల చేసి రిటైరైన, 61 ఏండ్లు, మా ఆమెకు 47. థాయ్‌లాండ్‌ చియాంగ్ మాయిల ఉంటున్న నా దోస్తు మమ్మల్ని కూడా అక్కడికే వచ్చేయమంటున్నడు. టూరిస్టులుగా దిగి పక్కనున్న లావోస్‌ పోతే నాకు రిటైర్మెంట్ వీసా, ఆమెకు మ్యారేజ్ వీసా ఇస్తరట, ఆమెకైతే 4 లక్షల బాత్ చూపిస్తే చాలట. నిజమేనా అండి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు మ్యారేజ్ వీసా ముచ్చట తేల్చుకుందాం సార్. ఆ 4 లక్షల లెక్క థాయ్ వాళ్లను పెండ్లి చేసుకున్నోళ్లది, మీ ఇద్దరూ ఇక్కడోళ్లే కాబట్టి మీకు పట్టదు. మేడమ్‌కు 50 నిండలేదు, రిటైర్మెంట్ కింద సొంతంగా రాదు, మీ భార్యగా ‘ఓ’ వీసా (కుటుంబసభ్యులకు, రిటైరైనోళ్లకు ముందుగాల 90 రోజులకు ఇచ్చేది) మీద రావాల్సిందే, దానికి మ్యారేజ్ సర్టిఫికెట్టే ముఖ్యం. మన దిక్కు అప్పట్ల పెండ్లయినోళ్లు ఎంతమంది రిజిస్టర్ చేయించుకున్నరు చెప్పండి? లగ్నపత్రిక, పెండ్లి ఫొటో, ఆధార్లు పట్టుకొని సాక్షులతోని సబ్-రిజిస్ట్రార్ ఆఫీసుకు ఇప్పుడే పోండి. ఆమె పాస్‌పోర్టుల పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌ల మీ ఇంటిపేరు ఉంటే అది ముందుగాల సరిచేయించుకోండి, సగం ఫైళ్లు ఆగేది అక్కడనే అని నా అనుమానం.

ఇగ లావోస్. మీ దోస్తు చెప్పింది పాత పద్ధతి, లావోస్ రాజధాని వియంటియాన్‌ల ఉన్న థాయ్ ఎంబసీ కిటికీల పాస్‌పోర్ట్ ఇచ్చి తెల్లారి తీసుకునేటోళ్లు. ఇప్పుడంతా ఆన్‌లైన్, ఇండియాల కూడా 2025 జనవరి నుంచి ఈ-వీసానే. లావోస్ నుంచి పెడితే వీసా వచ్చేదాకా మీరు ఆ దేశంలనే ఉండాలె, హోటల్ ఖర్చు, పైగా లావోస్‌కు మనోళ్లకు వేరే వీసా, ఇంత చేస్తే చేతికొచ్చేది ‘ఓ’ వీసా, అదీ 90 రోజులే, ఏడాది పొడిగింపు మళ్లీ థాయ్ ఇమిగ్రేషన్‌లనే చేయించుకోవాలె. అదే ‘ఓ-ఏ’ అనే రిటైర్మెంట్ వీసా అయితే ఏడాది ఇస్తరు గాని అది సొంత దేశం నుంచో, పర్మనెంటుగా ఉంటున్న దేశం నుంచో మాత్రమే, లావోస్‌ల టూరిస్టుకు ఇయ్యరు. పోలీస్ క్లియరెన్స్, మెడికల్ సర్టిఫికెట్, 30 లక్షల బాత్ హెల్త్ ఇన్సూరెన్స్ అడుగుతరు, ఇన్సూరెన్స్ ప్రీమియం ఈ వయసుల గట్టిగనే ఉంటది. అయినా నేనైతే ఇక్కడి నుంచే పెట్టుకోమంట.

పైసల లెక్క: 8 లక్షల బాత్ డిపాజిట్, లేదా నెలకు 65,000 బాత్ ఆదాయం. డిపాజిట్ అంటే మన రూపాయల్ల 20 లక్షలు దాటుతది, ఒక ఏడాదిల 10 లక్షలు దాటి బయటికి పంపితే పైన మొత్తానికి బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగాలనే వసూలు చేసే పన్ను) పట్టుకుంటది, రిటర్న్ వేసినప్పుడు సర్దుకోవచ్చు గాని అందాక ఆ పైసలు మీ చేతుల ఉండయి.

ఇంకోటి, ఏడాది పొడిగింపు చేతికొచ్చినంక బతుకమ్మకో, చుట్టాల పెండ్లికో వరంగల్ రావాలంటే రీ-ఎంట్రీ పర్మిట్ లేకుండ కదలకండి, గడువు అక్కడనే పోతది. ఒక్కసారికి 1000 బాత్, ఎన్నిసార్లయినా అంటే 3800, మేడమ్‌ది వేరే తీసుకోవాలె.