ఇంట్లో నేర్చిన లాటిన్‌కు బయటి పరీక్ష ఏది?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఆరో తరగతి నుంచి మా అమ్మాయికి ఇంట్లోనే చదువు చెబుతున్నాం. ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఆన్‌లైన్ ట్యూటర్ దగ్గర రెండేళ్లుగా లాటిన్ నేర్చుకుంటోంది, ఇష్టంగానే చదువుతోంది. రేపు కాలేజీ వాళ్లు నేనిచ్చే గ్రేడ్లు నమ్ముతారా? లాటిన్‌లో ఏదైనా గుర్తింపు ఉన్న పరీక్ష రాయించాలా? గుంటూరులో ఉన్న మా మామగారేమో ‘డాక్టరు కావాలంటే లాటిన్ పనికొస్తుంది’ అంటున్నారు. అది నిజమేనా? – ఒక తల్లి

జవాబు: మామగారి మాటతోనే మొదలుపెడదాం. అమెరికా మెడికల్ కాలేజీలకు రాసే ఎంక్యాట్‌లో గానీ, ఇండియాలో నీట్‌లో గానీ లాటిన్ మీద ప్రశ్న ఉండదు. వైద్యంలో వాడే పదాల్లో లాటిన్ ఉన్న మాట నిజమే కానీ, గ్రీకు వాటా కూడా పెద్దదే. ఆ పదాలు మెడిసిన్‌లో చేరాక అందరూ ఎలాగూ నేర్చుకుంటారు. మీ అమ్మాయి ఇష్టపడి చదువుతోందన్నారు కదా, లాటిన్ కొనసాగించడానికి ఆ కారణం చాలు.

ఇక గ్రేడ్ల సంగతి. టెక్సాస్‌లో హోమ్‌స్కూల్‌ను ప్రైవేటు స్కూలుగానే చూడాలని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1994లోనే తేల్చింది. మీరు తయారుచేసిన ట్రాన్స్‌క్రిప్ట్ (చదివిన కోర్సులు, గ్రేడ్ల పట్టిక) చెల్లుతుంది. కాకపోతే చెల్లడం వేరు, నమ్మకం కలగడం వేరు. అమ్మే టీచరు, అమ్మే ప్రిన్సిపాల్ అయినచోట వరసగా ‘ఏ’లు కనిపిస్తే అడ్మిషన్ ఆఫీసులో కూర్చున్న మనిషి ఇంకొకరి మాట కోసం వెతుకుతాడు. పరీక్ష ఉపయోగపడేది అక్కడే.

ఇదివరకు ఇలాంటి పిల్లలకు శాట్ సబ్జెక్ట్ టెస్టుల్లో లాటిన్ ఉండేది. వాటిని శాట్ నిర్వహించే కాలేజ్ బోర్డు 2021లో ఎత్తేసింది. పాత గైడు పుస్తకాలు పట్టుకుని ఇప్పటికీ దాని గురించి అడిగే తల్లిదండ్రులున్నారు. పరీక్ష రాసి కాలేజీ క్రెడిట్ (ఆ కోర్సు చదివినట్టు లెక్క) తెచ్చుకునే క్లెప్‌లో ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ ఉన్నాయి గానీ లాటిన్ లేదు. కాబట్టి మీరు ఆలోచించాల్సినవి ముఖ్యంగా రెండే: నేషనల్ లాటిన్ ఎగ్జామ్, ఏపీ లాటిన్ (ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష).

మొదటిది ఇప్పుడే రాయించవచ్చు. 40 బిట్లు, 45 నిమిషాలు. వ్యాకరణంతో పాటు రోమన్ల చరిత్ర, పురాణ కథలు, లాటిన్ నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన మాటలు, చివర్లో చదివి జవాబులు చెప్పే ఒక పేరా ఉంటాయి. స్థాయిలు వేర్వేరు. రెండేళ్లు చదివింది కదా అని ఏళ్ల లెక్కన స్థాయి ఎంచుకోవద్దు. పాత ప్రశ్నపత్రాలు, కీతో సహా వాళ్ల సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. గడియారం పెట్టి రెండు స్థాయిల పేపర్లు రాయించి చూడండి, ఎక్కడ నిలబడుతుందో తెలిసిపోతుంది. పరీక్ష ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది, పేర్లు మాత్రం ముందుగానే నమోదు చేయించాలి. పర్యవేక్షణకు ఇంటివాళ్లు కాని మనిషిని చూసుకోండి. కన్నతల్లే ఇన్విజిలేటరైతే మళ్లీ మొదటికే వచ్చినట్టు.

బంగారు పతకం వస్తే సంతోషమే. అయితే ఏటా ఎంతోమందికి వస్తుంది, అదొక్కటే చూసి ఏ కాలేజీ సీటివ్వదు. మూడేళ్లు వరసగా రాస్తే, స్థాయి పెరుగుతూ పోతే, ఆ వరసకు విలువ ఉంటుంది. పిల్ల ఎక్కడ తడబడుతోందో మీకూ తెలుస్తుంది.

కాలేజీలో క్రెడిట్ రావాలన్నా, పై కోర్సులో నేరుగా కూర్చోవాలన్నా కావాల్సింది ఏపీ లాటిన్. మేలో ఉంటుంది, 1 నుంచి 5 దాకా స్కోరు. ఎంత స్కోరుకు ఎన్ని క్రెడిట్లన్నది యూనివర్సిటీని బట్టి మారుతుంది. ఇక్కడ రెండు సంగతులు. ఒకటి, సిలబస్ మారింది. 2024–25 దాకా సీజర్ ‘గాలిక్ యుద్ధం’, రోమన్ కవి వర్జిల్ కావ్యం ‘ఐనీయడ్’ ఉండేవి. 2025–26 నుంచి సీజర్ స్థానంలో రోమన్ రచయిత ప్లినీ లేఖలు వచ్చాయి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు తాను కళ్లారా చూసినదాన్ని చరిత్రకారుడు టాసిటస్‌కు రాసి పంపిన ఉత్తరాలు వాటిలోవే. నాకైతే ఈ మార్పు నచ్చింది. పదహారేళ్ల పిల్లలకు యుద్ధం నివేదికల కంటే ఆ ఉత్తరాలే ఎక్కుతాయి. సెకండ్ హ్యాండ్ పుస్తకాలు కొనేటప్పుడు మాత్రం ఏ సిలబస్‌దో చూసుకోండి.

రెండోది పరీక్ష రాయడానికి సీటు. ఈ పరీక్షలో మీలాంటి వాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది లాటిన్ కాదు, ఇదే. ఏపీ పరీక్ష ఇంట్లో రాయడం కుదరదు, ఏదో ఒక స్కూల్లో రాయాలి. బయటి పిల్లల్ని తీసుకోవాలన్న నిర్బంధం స్కూళ్లకు లేదు. స్కూళ్లు పరీక్షలు ఆర్డర్ చేసే గడువు నవంబరు మధ్యలోనే ముగుస్తుంది కాబట్టి ఆగస్టులోనే స్కూళ్లలో ఈ పరీక్షల పని చూసే ఏపీ కోఆర్డినేటర్లకు ఫోన్లు చేయడం మొదలుపెట్టండి. లాటిన్ చెప్పే స్కూళ్లను ముందు అడగండి. తమ పిల్లలకు ఆ పరీక్ష ఎలాగూ పెడతారు గనుక ఇంకొక్కరిని కూర్చోబెట్టడానికి అంతగా అభ్యంతర పెట్టరు. పరీక్ష ఇప్పుడు కంప్యూటర్ మీదే, బ్లూబుక్ యాప్‌లో. ల్యాప్‌టాప్ ఎవరిదన్నది అప్పుడే అడిగేయండి. ఫీజు సుమారు వంద డాలర్లు, కొన్ని స్కూళ్లు పైన ఇంకొంత తీసుకుంటాయి. ట్రాన్స్‌క్రిప్ట్‌లో కోర్సు పేరు ముందు ‘ఏపీ’ అని రాసుకోవాలంటే కాలేజ్ బోర్డుకు సిలబస్ పంపి ఆమోదం తెచ్చుకోవాలి. అది లేకపోయినా పరీక్ష రాయవచ్చు.

ఎప్పుడు రాయించాలి? పదకొండులోనే. పన్నెండో తరగతి మేలో రాస్తే స్కోరు జులైలో వస్తుంది, అప్పటికి అడ్మిషన్లు అయిపోయి ఉంటాయి. క్రెడిట్‌కు పనికొస్తుంది గానీ మీరడిగిన నమ్మకానికి పనికిరాదు. పదకొండుకు ఇంకా సిద్ధంగా లేదని ట్యూటర్ అంటే బలవంతం చేయకండి. ఆ ఏడు నేషనల్ ఎగ్జామ్‌లో పై స్థాయి రాయిస్తే సరిపోతుంది.

మామగారిని నొప్పించకుండా ఒక పని అప్పగించవచ్చు. పెద్దాయనకు పద్యాలు, గణాలు తెలిసుంటే వర్జిల్ ఛందస్సు ఆయనే చెప్పగలరు. ‘అర్మ విరుమ్‌క్వె కనో ట్రోయై క్వీ ప్రీముస్ అబ్ ఓరీస్’ – ఐనీయడ్ మొదటి పాదం ఇది. మన గురులఘువుల లెక్కనే విడగొడితే భ, భ, గగ, గగ, భ, గగ. మొత్తం ఆరు గణాలు, ఉన్నవల్లా భగణమో రెండు గురువులో. నేషనల్ ఎగ్జామ్ పద్య విభాగంలో మొదటి నాలుగు గణాలు ఏవని అడగడం మామూలే. వాట్సాప్ కాల్‌లో తాతగారితో వారానికి పది పాదాలు విడగొడితే మీ అమ్మాయికి ఆ ప్రశ్న గురించి బెంగ ఉండదు.

మీరు అడగలేదు గానీ, ఇంట్లో తెలుగు చదవడం, రాయడం వస్తే దాన్నీ వదులుకోకండి. అవాంట్ సంస్థ నిర్వహించే స్టాంప్ అనే భాషా నైపుణ్య పరీక్షల్లో తెలుగుకూ ఒకటుంది. లాటిన్‌కైతే చదివి అర్థం చేసుకోవడాన్ని కొలిచే అలీరా అనే పరీక్ష ఉంది. రెండూ తప్పనిసరి కాదు, ఓపిక ఉంటేనే.

చివరగా ట్యూటర్ గురించి. సిఫారసు లేఖ మీరు రాయలేరు, ఆయన రాయగలరు. పదకొండో తరగతి చివర్లో అడగండి. ఇప్పటినుంచే అమ్మాయి చేసిన అనువాదాలు, ఆయన దిద్దిన కాగితాలు ఒక ఫైల్లో పెట్టి ఉంచితే, అప్పుడు ఆయనకు రాయడానికి సరుకు ఉంటుంది.